ఎడమకాలి చెప్పు

బర్బ్యాంక్‌లో టైర్ల దుకాణం వెనక
కిటికీల్లేని గది నాది.
ముప్పై ఒక్కేళ్ళుగా ఇతరుల కాళ్ళతో నడుస్తున్నాను.
తెర మీద వాళ్ళు కదులుతారు, చప్పుడు నేను చేస్తాను.
సెలరీ కాడలు విరిస్తే ఎముకలు.
తోలుసంచిలో పిండి నొక్కితే మంచు.
తడి గొడుగు రెండుసార్లు తెరిచి మూస్తే
గద్ద.
ముద్దు మాత్రం
నా మోచేతి మీద నేనే పెట్టుకోవాలి.

గోడలకు చెవులుంటాయంటారు.
ఇక్కడ గోడలకు స్పాంజి తొడిగారు,
ఉన్న చెవులన్నీ నావే.

నాకెవరూ రాజకీయాలు చెప్పలేదు.
దర్శకుడు లోవెల్ ప్రూయిట్ మంచివాడు,
వచ్చినప్పుడల్లా వాళ్ళావిడ చేసిన పీచ్ జామ్ తెస్తాడు.
అతనన్నదల్లా ఇంతే:
"మనవాళ్ళ బూట్లకి కాస్త బరువు కావాలి, ఆర్డిత్.
తోలు వినపడాలి. వింటే ఇల్లు గుర్తురావాలి."
పదకొండో నంబరు బూట్ల అడుగున సీసపు గుళ్ళు పోసి నడిచాను.
ఒక్కో అడుగూ ప్రమాణం చేసినట్టు పడింది.
బాగుంది. నిజంగా బాగుంది,
నాకే వెన్ను నిటారైంది.

మరి అవతలివాళ్ళకి?
"వాళ్ళకి అడుగులెందుకు, దుమ్ము లేస్తే చాలు" అన్నాడు,
జామ్ సీసా మూత బిగిస్తూ.

అడుగుల చప్పుడు లేని మనిషి
చచ్చినా చప్పుడు కాదు.
ఇది నాకు ముందే తెలియాల్సింది.
నా వృత్తే అది కదా.

నాలుగో రీలులో ఒక ఊరు. ఇసుక రంగు.
స్క్రిప్టులో పేరు కూడా 'ఊరు' అనే ఉంది.
విమానం వెళ్ళాక పసుపు గుడ్డ కట్టుకున్న ఒకామె
రొట్టెల పళ్ళెంతో అడ్డంగా పరుగెడుతుంది.
పదకొండు సెకన్లు.
మధ్యలో ఎడమకాలి చెప్పు తెగింది.
నటన కాదు. నిజంగానే తెగింది.
ఆమె లాంకాస్టర్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర గుమాస్తా అట,
రోజు కూలికి వచ్చి పరుగెత్తింది.
చెప్పు తెగినా ఆగలేదు,
పళ్ళెమూ వదల్లేదు.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక
రబ్బరు చెప్పొకటి తెచ్చి బ్లేడుతో పట్టీ కోశాను.
కంకర తొట్టిలో దిగాను.
ఠప్. సర్ర్.
ఠప్. సర్ర్.
మోకాలు నొప్పెట్టేదాకా నడిచి
దానికి 'గాలి-7' అని పేరు పెట్టి దాచాను.
మిక్సింగు బల్ల దగ్గర
గాలిని ఎవరూ ప్రశ్నించరు.

శుక్రవారం మొదటి ఆట.
హాలు వసారాలో మడత బల్ల, గంజిపెట్టిన యూనిఫాంలో ఇద్దరు కుర్రాళ్ళు,
ఇరవై బస్కీలు తీస్తే టీషర్టు ఉచితం.
మా మేనల్లుడు టోబిన్ ముప్పై తీశాడు.
తాళాల గొలుసు కూడా ఇచ్చారు.

చీకట్లో బూట్లు నడిచాయి.
పక్క సీట్లో వాడి వీపు లేచింది.
నేను పోసిన సీసం
వాడి వెన్నులోకి దిగడం చూశాను.

తర్వాత ఆ పదకొండు సెకన్లు.
చుట్టూ పాప్‌కార్న్ నములుతున్నారు.
ఠప్. సర్ర్.
నాకు వినపడిందంటే, చేసింది నేను కనక.

మాగ్నోలియా వీధి సిగ్నల్ దగ్గర
టోబిన్ గొలుసు వేలికి తిప్పుతూ అడిగాడు:
"అత్తా, ఆ రొట్టెలావిడ
అవతలకి చేరిందా?"
"అక్కడే కట్ చేశారు" అన్నాను.
పచ్చదీపం పడింది. వెనక కారు హారన్ కొట్టింది.
ఇంకేదో అడుగుతాడేమోనని ఇల్లు చేరేదాకా రేడియో పెట్టలేదు.

సోమవారం వెళ్ళి సంతకం చేసొచ్చాడు.
బూట్ల కొలత అడిగారట.
పదకొండు.