తోక

గుణశేఖర్ మొదటిసారి వచ్చినప్పుడు
జాకెట్లు కుట్టించుకునే ఆడోళ్ళ ఎనక
ముక్కాలు గంట నిలబడినాడు.
అందరూ పోయినాక
జేబులోంచి మడతలు మడతలుగా ఒక కాయితం తీసినాడు.
"అక్కా, దేవాంగపిల్లి ఏషం కుడతావా?"
"ఎవరికి నాయనా, స్కూలు పిల్లకా?"
"నాకే."

రైల్వే స్టేషన్ ఎదురు లాడ్జీలో రాత్రి డ్యూటీ అంట.
తెల్లారేలోగా వంద గుండ్లు చూస్తాడంట,
గంధం పూసినవీ, పూయనివీ.
అందులో ఒక్కటీ తలెత్తి వాడి మొకం చూడదంట.
"వేణ్ణీళ్ళు ఎప్పుడొస్తాయి" అని
గోడనడిగినట్టు అడుగుతారంట.

బెంగుళూర్లో ఒక హాలు, నలభై మంది.
ఒకడు తోడేలు, ఒకామె కుందేలు,
బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఎలుగ్గొడ్డు.
నెలకొకసారి కలిసి, గంతులేసి,
తలలు పక్కన పెట్టుకోని కాఫీ తాగి పోతారంట.
నాకు నవ్వొచ్చింది. దాచుకోలా.
"ఎందుకబ్బా ఇదంతా?"
"గంగ జాతరలో మీ ఇంట్లోవాళ్ళు ఎందుకేస్తారక్కా?"
"మొక్కు."
"నాదీ మొక్కే అనుకో.
ఎవరికో తెలీదు."

టేపు తీసి తల కొలిచినా. ఇరవై మూడున్నర.

ముప్పై ఏండ్లుగా కొర్లగుంట మొగోళ్ళకి
రవికలు కుట్టినదాన్ని నేను.
మీసం తీసేసి, సవరం పెట్టుకోని
మా మునెయ్య మాతంగి అయి వాకిట్లో నిలబడితే
మా అత్త, కన్నతల్లి, రెండు చేతులూ ఎత్తి మొక్కేది.
బండ ఏషంలో ఆయప్ప ఎవర్ని ఏ బూతు తిట్టినా
తిట్టించుకున్నోళ్ళు నవ్వతా పోయేవాళ్ళు.
ఏడాదికి ఆ వారమే ఆయప్ప గురక పెట్టి నిద్రపోయేది.
నాకు ఏ ఏషమూ పడలా.
సూదిలో దారం ఎక్కించేదానికి
ఏషం ఎందుకని కాబోలు.

చెన్నై నుంచి బొచ్చుగుడ్డ తెప్పించినా.
పరుపులంగట్లో మిగిలిన స్పాంజి చెక్కి తల చేసినా.
కండ్లకి రెండు టీ జల్లెళ్ళు, తేనెరంగు పూసి.
ఈ ఊరి ఎండకి లోపల ఉడికిపోతాడని
పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి నెత్తిలో దాచినా.
నాలుగు రాత్రులు కూర్చోని మూడు మూరల తోక కుట్టినా,
మెలి తిరిగేదానికి లోపల తీగె పెట్టి.

కండ్లు సరిగ్గా కనపడతాయో లేదో అని
ఒక మద్యానం షట్టరు సగం దించి
తల నేనే పెట్టుకున్నా.
నా ఊపిరి నాకే పెద్దగా ఇనపడింది, పక్కన ఎవరో పండుకున్నట్టు.
జల్లెడ కంతల్లో రోడ్డంతా తునకలు తునకలు.
అద్దంలో రెప్ప ఎయ్యకుండా అది నన్నే చూస్తా ఉంది.
"ఏం చూస్తావే" అన్నా.
తర్వాత ఒక బూతు అన్నా.
మునెయ్య నోట్లో ఇన్నదే, నా నోట్లో కొత్తగా ఉండె.
ఇంకోటి అన్నా.
జాతర లేదు, డప్పు లేదు, ఎవరూ లేరు.
తల తీసేసరికి మెడంతా చెమట,
నవ్వి నవ్వి పక్కటెముక నొప్పి.

గుణశేఖర్ వచ్చి తొడుక్కున్నాడు.
వాడి భుజాలు దిగడం గుడ్డ మీంచే తెలిసింది.
చేతులు నిదానంగా లేచినాయి, కొమ్మ కోసరం ఎతికినట్టు.
పక్కన పూలంగడి పాప పరిగెత్తుకోని వచ్చి
ఆగి, తల పైకెత్తి,
చానాసేపు చూసింది.

తోక తగిలించబోతే గాబరాగా ఎనక్కి తిరిగినాడు.
"అక్కా, దేవాంగపిల్లికి తోక ఉండదు."
కాయితం చూపించినాడు. నిజమే. లేదు.
నేనే ఎందుకో ఉండాదనుకున్నా.

మిగతా డబ్బులు జీతం పడినాక అన్నాడు. సరే అన్నా.
తోక మిషను పైన మేకుకి యాలాడతా ఉంది.
జాకెట్ల కోసం వచ్చినోళ్ళు అడుగుతారు, ఇదే జంతువుదని.
ఇంకా తేల్చుకోలా, అంటా.
షట్టరు దించినాక ఒకోరోజు
నడుముకు కట్టుకోని
బాబిన్ చుట్టుకుంటా కూర్చుంటా.
మెలి తిరిగి కాలికి తగలతాది.