లెక్కల లేనిది

నల్లగొండ గడియారం కాడ
జహంగీర్ భాయ్ అద్దం మీద మూడు పరిచిండు.
"గిది పద్దెనిమిది పనులు జేస్తది."
నాకున్నయే నాలుగు, భాయ్ –
స్టార్టర్ డబ్బా స్క్రూ, కేబుల్ తోలు,
ఫిల్టరుకు పట్టిన తెల్లటి పెచ్చు,
బువ్వ డబ్బ మూత.

పెద్దది జేబులేస్తే
ప్యాంటు ఒక దిక్కు జారింది.
రెండోది మస్తు మెరిసింది గని
గ్రీజు తిన్న నా గోరుకు
దాని కత్తి లేవనే లేవలే.
మూడోది చిటికెన వేలంత.
బండి తాళానికి, వాటర్ ప్లాంటు తాళానికి నడుమ
ఇంకో తాళం లెక్క ఒదిగింది.
బేరం రెండొందల ఎనభై కాడ తెగింది.

చిల్లర తీసుకుంటుంటే కండ్లవడ్డది
పక్కకు దూరి ఉన్న సన్నటి చిమ్టా.
"అది లెక్కల లేదు, ఊకెనే వస్తది."

మర్రిగూడ తొవ్వల
మేకల నిడిసి, మడిమె వట్టుకొని కూసుంది సైదమ్మ.
సర్కారు తుమ్మ ముల్లు, సగం దాక.
బండాపి, చిమ్టా గుంజి,
ఊపిరి బిగబట్టి తీసిన.

ఆమె తాళాల గుత్తిని అటిటు తిప్పి చూసి,
పుస్తెలకున్న పిన్నీసు చూపెట్టింది:
"నా కాడ గూడ ఉన్నది కొడుకా,
కండ్లే కానొస్తలెవ్వు."