ఈకల్లో చిల్లులు

పాకాల చెరువు వెనక, పాత మోటబావి మీదికి
వంగిన తుమ్మకొమ్మకు పదకొండు గూళ్ళు.
తొమ్మిది ఇంకా సగం సగమే.
తెల్లారకముందే వల కట్టినం, నేనూ సక్రు తాతా.
ఒకప్పుడు ఇదే బావికాడ ఉచ్చులేసి
పట్టి కాల్చుకు తిన్నోడు.
ఇప్పుడు రోజుకు ఆరొందలు,
పట్టి వదిలిపెట్టినందుకు.

ఆషాఢం. మగ గిజిగాళ్ళ నెత్తిన పసుపు.
చలికాలంల ఇవే మట్టిరంగుల తిరుగుతయి,
ఏది మగదో ఏది ఆడదో తెలువదు.

పిడికిట్ల పిట్ట. గుండె కుట్టుమిషను.
రెక్క విప్పి ఎండకు పట్టుకుంటే
ఈకల నిండా సూదిమొనంత చిల్లులు,
పేను మేసిన జాగలు.
లెక్కపెట్టుడు నా పని.
మూడు. ఏడు. పంతొమ్మిది.
ఈకల నడుమ వరుసగ ఈరులు,
మా అమ్మ నన్ను మోకాళ్ళ సందున ఇరికించుకొని
ఈర్పెనతో లాగి, గోటి మీద
చిటుక్కుమనిపించినసొంటివే.

రెక్క కింది నరం. ఒక్క చుక్క.
అద్దం మీద పూసి, ఆరబెట్టి, ఊదా రంగు పోస్తే
పిట్ట నెత్తురుల ప్రతి కణం నడుమ ఒక గింజ,
గింజ పక్కన, ఉంటే, జ్వరం.
తాడ్వాయి దవాఖానల నర్సు
నా వేలు పొడిచి ఇట్లనే పూసింది అద్దానికి.
తొమ్మిదేండ్లు నాకు. రెండు గొంగళ్ళ కింద వణుకు.
పిట్టలకూ చలిజ్వరం ఉంటదని
అప్పుడెవ్వరూ చెప్పలే.

మేడం లెక్క ఇది:
నెత్తురు మంచిగున్నోనికే పసుపు నిండుగ వస్తది,
ఆడపిట్ట రంగు చూసే రోగం పసిగడ్తది.
నలభై ఒకటో కడియపోడు అందరికన్న పచ్చన.
వాని అద్దంల అందరికన్న ఎక్కువ మచ్చలు.
మేడం రెండుసార్లు చూసింది.
నంబరు సరిగ్గ రాసినవా, అనడిగింది.
సరిగ్గనే రాసిన.

పొద్దెక్కినంక ఆడది వచ్చింది.
వాడు తలకిందులుగ వేలాడి, రెక్కలు కొట్టి,
ఉన్న పసుపంత చూపించిండు.
అది వాని దిక్కే చూడలే.
గూట్లె దూరి, లోపట్నుంచి
ఒక పోచను ముక్కుతో పీకి చూసింది.
రాలే. ఇంకొకటి పీకింది.

"మా ముసల్ది గిట్లనే,
నా మీసం చూడలే,
గుడిసె కప్పుల చెయ్యి పెట్టి చూసింది
తడి ఉన్నదా అని" అన్నడు తాత, బీడీ ఆర్పుతూ.

నా పుస్తకంల గళ్ళున్నయి: పసుపు, చిల్లులు, మచ్చలు, పిల్లలు.
పోచ పీకినదానికి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాసుకున్న.

నెలదాటినంక ఆ గూట్లె వేలు పెడితే
మెత్తగ, వేడిగ, మూడు.
వాటికి ఆ పసుపు రావాలంటే ఇంకో వానకాలం దాటాలె.
పేలు మాత్రం అప్పుడే చేరినయి,
కండ్లు తెరవకముందే.
నా చెయ్యి ఊకెనే నెత్తిలకు పోయింది.