భూమ్మీద ఎక్కడైనా

గడువు నిన్న.
కానీ భూమ్మీద ఏదో ఒకచోట
నిన్న మిగిలున్నంతసేపూ పంపుకోవచ్చన్నారు.
ఆ లెక్కన తరమణిలో
ఇవాళ సాయంత్రం ఐదున్నర దాకా నిన్నే.
మనుషుల్లేని ఏదో దీవి
నా కోసం తేదీ మార్చకుండా కూర్చుంది.

ఎంపికైతే ప్రయాణ ఖర్చులు వాళ్ళవే.
పాస్‌పోర్టు ఇంకా రాలేదు, అది వేరే సంగతి.
ఫారంలో ఆఖరి డబ్బా దగ్గర ఆగిపోయాను:
"మీ పరిశోధన ఎవరికి పనికొస్తుంది?
రెండువందల మాటలు మించకుండా."

కింద టీకొట్టు మునిలక్ష్మమ్మ గొంతు
నలభై గంటలుంది నా హార్డ్‌డిస్కులో.
మూడు తరాల మద్రాసు తెలుగు,
ఒక్క అక్షరం రాదు.
"ఏడకి పోతుండావు?" అంటుందా,
యంత్రం "ఏడుగురు పోతున్నారు" అని రాస్తుంది.
ఎవరా ఏడుగురు, నాలుగు నెలలుగా వెతుకుతున్నాను.

చూపిస్తే పడీపడీ నవ్వింది.
గ్లాసులు కడుగుతూనే అంది:
"దానికి రాకుంటే ఈడికే రమ్మను.
పాలు కాగేలోపల నేర్పిస్తా."

ఐదూ ఇరవై.
దీవిలో అర్ధరాత్రికి ఇంకా పది నిమిషాలు.
ఆమె అన్నదే డబ్బాలో పెట్టాను, ఆ యాసతోనే.
నూట తొంభై మూడు మాటలు
మిగిలాయంది ఫారం.

మిగలనీ.