కరివేపాకు పద్దు

మా సర్కిలాఫీసు వెనక
పాత జీపుల షెడ్డుకు రేకులు మార్చి
క్యాంటీనని బోర్డు పెట్టినం.
‘లాభం లేదు, నష్టం లేదు’ అని
కింద ఎర్రరంగుల రాయించిండు అప్పటి సూపరింటెండెంటు.
సగం నిజం.

మూడేండ్లకోసారి సెక్రటరీ మారుతడు.
ఈసారి నా వంతు.
వంతంటే ఒక అట్ట చిరిగిన బుక్కు, ఒక తాళంచెవి,
ముందటాయన వదిలిపోయిన నాలుగు వేల ఉద్దెర.

ఛాయ ఆరు రూపాయలు, ఉప్మా పదిహేను.
అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు ముప్పై ఐదు.
ఈ రేట్లు గోడెక్కిన నాడు
కందిపప్పు కిలో ఎంతుండెనో
గోడకు యాదికి లేదు.

నెలకు మూడు నీలం సిలిండర్లు.
లష్కర్ బజారు నుంచి యాకూబ్‌పాషా
సైకిలు హ్యాండిలుకు తగిలించుకొచ్చే సంచులు.
కరెంటు సర్కారుది, నీళ్లు సర్కారువి,
పొయ్యి ముందర చెమట మాత్రం
ఏ హెడ్డు కింద రాయాల్నో ఎవరూ చెప్పలే.

పై అంతస్తుకు పోయిన ట్రే
ఖాళీ గ్లాసులతోని కిందికొస్తది,
చిట్టీ రాదు.
‘ఒకటో తారీఖు రాసుకో’ అంటడు ఒక ఇంజినీరు.
ఏ నెలదో అడిగితే
నేనే చిన్నోన్నయిత.
ఊడ్చే సారమ్మ మాత్రం
కొంగుముడి విప్పి ఆరు బిళ్లలు బల్లమీద పేరుస్తది.
ఒకటి తక్కువైతే ‘రేపిస్త బిడ్డా’ అంటది.
రేపు ఇస్తది.

ఛాయ మీద రెండు రూపాయలు పెంచుదామని
మొన్న మీటింగు పెట్టిన.
గంటన్నర నడిచింది.
‘ఉద్యోగుల సంక్షేమమంటే ఏంది మరి?’ అని ఒకాయన లేచిండు.
కరువు భత్యం పెరిగిన ముచ్చట ఎవరూ ఎత్తలే.
తీర్మానం వాయిదా పడ్డది.
ఆ గంటన్నరల తాగిన ముప్పై ఆరు ఛాయల పైసలు
నా జేబుల నుంచే పోయినయి.

తర్వాత ఆడిటు.
కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లగాడు, కొత్త కొలువు.
ఉప్పుకు వోచరడిగిండు, చూపిన.
చింతపండుకు అడిగిండు, చూపిన.
పప్పుగిన్నె మూత తీసి
‘పోపుల కరివేపాకున్నది, బుక్కుల లేదేంది?’ అన్నడు.

వండే అనసూర్య చేతులు తుడుచుకుంట
‘భీమారంల మా ఇంటెనక చెట్టుది సారూ’ అన్నది.
తప్పు దొరికినట్టే నిలబడ్డది.
‘ఊకె తీసుకుంటే విరాళం కింద చూపాలె,
విలువ కట్టాలె’ అన్నడు.

కట్టిన.
రోజుకు పది రూపాయల ఆకు,
ఏడాదికి రెండొందల ఎనభై పనిదినాలు,
పదకొండేండ్లు.
ముప్పై వేల ఎనిమిది వందలు.
నెలకు తొమ్మిది వేలు, అదీ ఇరవయ్యో తారీఖుకు,
లోటు పూడినంక మిగిలితే తీసుకునే మనిషికి
ఆఫీసే బాకీ తేలింది.

పిల్లగాడు ఆ అంకె దిక్కు సేపు చూసిండు.
పెన్ను మూత పెట్టిండు, మళ్ల తీసిండు.
ఏం రాసిండో రిపోర్టు వస్తెగాని తెల్వదు.
పళ్లెం తెప్పించుకొని తిన్నడు.
అందరి లెక్కనే ఆకులేరి అంచుకు పెట్టిండు.
ముప్పై ఐదు ఇచ్చి రసీదడిగిండు.
రసీదు పుస్తకం వెతికేసరికి
నాకు పావుగంట పట్టింది.
మొదటి పేజీ ఇంకా అతుక్కొనే ఉన్నది.

ఆ సాయంత్రం ఎవర్నీ అడగకుండ
బోర్డు మీద ఛాయ ముందర
చాక్‌పీసుతోని 8 అని రాసిన.

తెల్లారి వచ్చి చూస్తే
ఎవరో తడివేలు పెట్టి
దాన్ని 6 చేసిండ్రు.
ఆఫీసంత ఆరే ఇచ్చింది.
నేనూ గొంతెత్తలే.

పదకొండు గంటలకు సారమ్మ వచ్చి
కొంగుముడి విప్పింది.
నిన్న నేను రాస్తుంటె చూసిందట.
బల్లమీద ఎనిమిది బిళ్లలు.