కుట్టు లోపలి గుడ్డ

కువైట్, మంగాఫ్, బ్లాకు నాలుగు.
షవర్మా కొట్టుకూ బకాలాకూ నడుమ
ఆరడుగుల అంగడి నాది.
జూన్ వస్తే బయట యాభై డిగ్రీలు.
లోపల దగ్గే ఏసీ, నేను, మిషను.

బడి యూనిఫారాలు కుడతాను.
జోయెల్‌కి మూడో తరగతిలో నడుము ఇరవై నాలుగు.
పోయినేడు ఇరవై తొమ్మిది.
ఈసారి సెలవులైనాక ముప్పై మూడు.
పొడుగు మాత్రం రెండించులే.

వాళ్ళమ్మ కరుణమ్మకు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
నాయన అహ్మదీలో క్రేను నడుపుతాడు.
వీడు తాళంచెవి మెడకేసుకొని
బస్సు దిగి, లిఫ్టెక్కి,
ఏడో అంతస్తులో ఫోను వెలుగులో కూచుంటాడు.
ఆడుకోను యాడుంది చోటు?
పార్కింగులో ఇసుక కూడా కాల్తాది.
ఆకలైతే బకాలాకు ఫోను. చిప్సు, కోలా
బంగ్లా పిలగాడు తెచ్చి వాకిట్లో పెట్టిపోతాడు.
తప్పెవరిదని నన్నడగొద్దు.
ఆ పిలగాడికి దక్కేది నూరు ఫిల్సు.

మెడ కొలిచేటప్పుడు చూసినా,
కాలరు కింద నల్లని పట్టీ, ముఖమల్ మాదిరి మెత్తగా.
"మురికన్నా, ఎంత రుద్దినా పోదు" అనింది కరుణమ్మ.
ఇంకొకరి బిడ్డయితే చూడంగానే చెప్పేది, నర్సు కదా.
తన బిడ్డ మెడను మాత్రం
పీచుతో రుద్ది రుద్ది ఎర్రగా చేసింది.

తర్వాత బడిలో ఆరో తరగతి పిల్లోళ్ళందరికీ
నడుములు కొలిచినారు, నెత్తురు తీసినారు.
చీటీ తెచ్చి నా కట్టింగు బల్ల మీద పరిచింది,
సుద్ద గీతల పక్కన.
బీపీ, కొవ్వు, చక్కెర నాకు తెలిసిన మాటలే.
నా గుండెలోనూ ఒక సన్నని స్ప్రింగు ఉండాది,
యాభై మూడో ఏట వేసినారు.
ఆమె ఇంకా కింది వరస మీద ఏలు పెట్టింది.
"జరం లేదన్నా. దెబ్బ లేదు, చీము లేదు.
అయినా నెత్తుర్లో వాపు."

మా అవ్వ రాత్రిపూట
పిడక నిప్పు మీద నివురు కప్పి దాచేది,
తెల్లారి పొయ్యి కోసం.
పొగ రాదు. చెయ్యి పెడితేనే తెలుస్తాది.
పదకొండేళ్ళ పిలగాడిలో
ఎవురు దాచినారు దీన్ని, ఏ తెల్లారి కోసం?

మొన్న వాడే వచ్చినాడు, ప్యాంటు చంకలో పెట్టుకొని.
"పెంచల్ మామా, ఇంకో ఇంచు వదులు చెయ్యి."
తిరగేసి చూపించినా.
పెరిగే పిల్లోళ్ళని
ప్రతి ప్యాంటుకీ వెనక కుట్టులో
రెండించుల గుడ్డ దాచి కుడతాను.
అది అయిపోయింది.
అంచున పోగులు బయటికొచ్చినాయి.
వాడు వాటిని ఏలితో మీటి
"అంటే ఇంక లేదా?" అన్నాడు.
నేను ప్యాంటు గురించే జవాబు చెప్పినా.

అప్పట్నుంచి సందేళ,
మగ్రిబ్ నమాజు అయినాక, షట్టరు సగం దించి
ఇద్దరం సముద్రం ఒడ్డుకు పోతాండాం.
డాక్టరు నన్ను నడవమని చెప్పి ఆరేండ్లాయె.
"ఒక్కన్నే పోతే పడిపోతానబ్బీ, తోడు రా" అని
వానికి చెప్పినా. సగం నిజమే.
మొదటి రోజు పదకొండు దీపస్తంభాలు.
ఆయాసం ఇద్దరికీ.
నిన్న ఇరవై ఆరు.
స్తంభాలను వాడు అరబ్బీలో లెక్కపెడతాడు,
ఇరవై దాటితే తడబడతాడు, నేను అందిస్తా.
ఉప్పుగాలి తడిగా మొగానికి అంటుకుంటాది.
దూరాన రిఫైనరీ గొట్టం మీద మంట,
పగలూ రేయీ ఆరనిది.
వాడు దానికేసి చూడడు, వాడికది చందమామంత అలవాటు.

ఈ శుక్రవారం కొలిచినా.
ముప్పై రెండున్నర.
వాడు ఎగిరినాడు. అమ్మకు ఫోను కొట్టినాడు.
డ్యూటీలో ఉండి ఆమె ఎత్తలేదు,
మళ్ళీ కొట్టినాడు.
నేను టేపును ఏలికి చుట్టుకుంటా ఊరకుండినా.
పద్దెనిమిదేళ్ళ టేపు ఇది.
గుడ్డ టేపులు సాగుతాయి.
సాగిన టేపు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాది.
కొత్తది కొన్నా.
సొరుగులో ఉండాది,
కవరు చింపకుండా.