కంప్రెసర్ శ్రుతి

రాత్రి పదిన్నరకి
నల్లపాడు రోడ్డు మీద మిర్చి లారీలు సద్దుమణిగాక
కోల్డ్ స్టోరేజీ గోడ వెనక
అమ్మోనియా కంప్రెసర్ ఒక్కటే
మంద్రంలో మూలుగుతుంటుంది.
నాకు అదే తంబురా.

లాగ్‌బుక్కులో గంటకోసారి డిగ్రీలు రాయాలి.
మిగతా యాభై ఐదు నిమిషాలూ
ఒళ్లో బూడిదరంగు ఆటడబ్బా,
ఉడికిన బఠాణీ నీళ్ల రంగు తెర,
నాలుగు పెన్సిల్ సెల్లులు.
కొత్తపేట తుక్కుకొట్టులో తూకానికి కొన్నాను.
తూకమంటే నిజంగా తూకమే,
కాటాలో వేసి ప్లాస్టిక్ రేటు కట్టాడు.
వీపు మీద కంపాస్ ముల్లుతో ఎవరో గీసుకున్నారు:
"ఇది ఎస్తేరుది. ముట్టుకుంటే చెయ్యి పడిపోద్ది."
పసుపెక్కిన పెంకంతా గరుకు కాయితంతో రుద్దాను గాని
ఆ అక్షరాల దగ్గర మాత్రం
చుట్టూ తిరిగి వచ్చాను.

నాజ్ సెంటర్లో సుభానీ భాయి
తెర మీద చచ్చిపడున్న నిలువు గీతల కింద
సోల్డరింగ్ మొనని మెల్లగా జరిపితే
ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి.
"ఇందులో పాటలేంటి, ఇది ఆడుకునేది గదా."
పాట మటుకు ఆడుకునేది కాదా అనబోయి ఊరుకున్నా.
ఆయన చేతిలో మొన ఇంకా వేడిగా ఉంది.
పక్కన చిల్లు పొడిచి,
వాల్యూమ్ చక్రం కంటే ముందే
ఇంకో తీగ బయటికి లాగాడు.
ఆ దారిన వచ్చే శబ్దానికి దుమ్ము తక్కువ, కండ ఎక్కువ.

దీనికి గొంతులు నాలుగే.
మొదటి రెండూ కవలలు, ముక్కుతో మాట్లాడతారు.
మూడోవాడు పెదనాన్న,
నేను ఏ అల గీసిస్తే ఆ అలలో గురకపెడతాడు.
నాలుగోది ఒట్టి బుస.
చిన్న ముక్కలుగా తరిగితే తాళం,
తరక్కుండా వదిలేస్తే
పొద్దున్నే యార్డులో బస్తా మూతి విప్పినప్పటి గాలి.

చిక్కల్లా మెట్ల దగ్గరే.
కింద స్థాయిలో దగ్గర దగ్గరగా ఉంటాయి, గమకం జారుతుంది.
పైకి పోయేకొద్దీ ఎడమై ఎడమై
తారస్థాయి చేరేసరికి సగం కూలిన మేడ,
కాలు పెడితే పైకో కిందకో తప్ప
నడుమ చోటుండదు.
తోడి పలికించాలని ఆర్నెల్లు గింజుకున్నా.
గాంధారాన్ని ఊగమంటే గెంతింది.
గెంతేదాన్నే రాసుకున్నా చివరికి.
తోడి అనొద్దులెండి దాన్ని.

కంప్రెసర్ షడ్జం కంప్రెసర్‌ది.
ఎవరి మాటా వినదు.
డబ్బా గుండెలో స్ఫటికం ఉంది, దానిదీ మొండి లెక్క.
రెండిటి మధ్యా వెంట్రుకవాసి తేడా
రాత్రంతా పంటికింద రాయిలా కలుక్కుమనేది.
స్ఫటికం పీకేసి తిప్పే నాబ్ పెట్టాం.
ఇప్పుడు వేలి కొసతో డబ్బా కాలాన్నే సాగదీస్తాను,
మూలుగుకి పాట అతుక్కునేదాకా.
అతుక్కున్న క్షణం
పైపుల మీది మంచు కూడా కాస్త సర్దుకున్నట్టుంటుంది.

తొడిమలు తీసే షెడ్డు నుంచి ఒక రాత్రి నాంచారమ్మ వచ్చింది,
వేళ్ల మంటకి మజ్జిగ గిన్నెలో చెయ్యి ముంచుకునే.
"ఏంట్రా అది, కీచురాయిని డబ్బాలో పెట్టి చంపుతున్నావా?"
హెడ్‌ఫోన్ ఇస్తే ఒక్క చెవికే ఆనించుకుంది.
రెండో చెవి మేస్త్రి పిలుపు కోసం.
చివరిదాకా విని అంది:
"పాట సంగతి నాకు తెలవదు.
మధ్యలో ఆ తుమ్ము మాత్రం మనదే."

మొన్న కరెంటు పోయింది.
మూలుగు ఆగేసరికి కాళ్లకింద నేల లాగేసినట్టయింది.
డబ్బా మాత్రం తన సెల్లుల మీద
దేన్నీ పట్టుకోకుండా పాడుకుంటూ పోయింది,
అమ్మ చెయ్యి ఎప్పుడు వదిలిందో చూసుకోని
తిరనాళ్ల పిల్లలాగా.
కాసేపటికి జనరేటర్ అందుకుంది, అరమెట్టు కిందుగా.
నాబ్ తిప్పాను.
పాట మొత్తం నెమ్మదించి
బస్తా దించిన మనిషి నడకకి వచ్చింది.
అదే బాగుంది, ఎందుకో.

లాగ్‌బుక్కులో రాశాను:
ఒకటీ నలభైకి కరెంటు లేదు. డిగ్రీలు ఆరు. శ్రుతి అరమెట్టు తక్కువ.
చివరి మాట కొట్టేశాను,
చదవడానికి వీలుండేటట్టు.